బెల్లం పొయ్యి దగ్గర ఊదే మిషను

ఇప్పుడు ఊళ్ళమ్మట తిరిగే నర్సు పిల్లలు చేతిలో పలకంత ఫోను పట్టుకొని, "తాగుతున్నారా, మానేశారా" అని అడిగి, ఒక గడిలో టిక్కు కొట్టి, అర నిమిషంలో పక్కింటికి వెళ్ళిపోతుంటారు. తప్పు పట్టడం లేదు తల్లీ. మీకు టార్గెట్లు ఉంటాయి, మాకూ ఉండేవి. కాకపోతే ఆ ఒక్క టిక్కుతో నేనొక సంసారాన్ని విడగొట్టాను. ఆ సంగతి మీరు విని పెట్టుకుంటే మంచిదని చెబుతున్నాను.

నేను అనకాపల్లిలో ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. రెండువేల మూడో నాలుగో సంవత్సరం, మా గుండె డాక్టరుగారు ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. గుండెపోటు వచ్చి బయటపడ్డవాళ్ళచేత, బీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళచేత చుట్టా బీడీ మాన్పించాలి. అది ఒక పని. నిజంగా మానేశారా లేదా, మానేసినవాళ్ళ గుండె ఏమైనా కుదుటపడిందా అని కొలవాలి. అది రెండో పని. మాన్పించే పని ఒక మెత్తని మనిషికిచ్చి, కొలిచే పని నాకిచ్చారు. "సిస్టర్, మీరడిగితే అబద్ధం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?" అన్నారు డాక్టరుగారు. నా నోటి గురించి ఆసుపత్రంతా తెలుసు. ఆయన పొగిడారనుకొని మురిసిపోయాను.

మొదట్లో నాకు ఆయుధాలంటూ ఏమీ లేవు. మనిషిని అడగడం, దగ్గరకు పిలిచి నోరు వాసన చూడడం, అంతే. అడిగితే అందరూ మానేశామనేవారు. మనవాళ్ళకు ఎదుటి మనిషిని చిన్నబుచ్చడం ఇష్టముండదు కదా. ఎండనపడి ఇంత దూరం వచ్చింది, మానలేదని చెప్తే సిస్టరమ్మ బాధపడుతుంది అని మర్యాదకోసం మానేసినవాళ్ళే సగం మంది. నాతవరం వైపు ఒక ముసలమ్మ అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకొని, నిప్పు లేని కొసను బయటకు ఉంచి తాగడం. మా వైపు ఆడవాళ్ళ అలవాటు అది. నేను వెళ్ళేసరికి పెదాల మధ్య చుట్ట కొస కనబడుతూనే ఉంది. ఇదేమిటంటే, "ఇది ఎలిగించనేదమ్మా, ఊరికే నోట్లో ఎట్టుకున్నాను" అంది. అనగానే ముక్కులోంచి పొగ వచ్చింది. ఇద్దరం నవ్వేశాం గానీ, ఆమె పేషెంటు కార్డు మీద ఏం రాయాలో నాకు తోచలేదు.

ఈ గోల చూసి డాక్టరుగారు ఒక మిషను తెప్పించారు. అరచేతిలో పట్టేంత పెట్టె, ముందు ఒక అట్ట గొట్టం. మనిషి ఊపిరి బిగపట్టి, నెమ్మదిగా ఆ గొట్టంలోకి ఊదాలి. పొగ తాగినవాడి ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కొన్ని గంటలపాటు నిలిచి ఉంటుంది. అది లేకపోతే పచ్చ లైటు, కొద్దిగా ఉంటే పసుపు, బాగా ఉంటే ఎరుపు. ఇక చూడండి నా వైభవం. యాలక్కాయలు నమిలి వచ్చిన రిటైర్డు మాస్టారు ఒకాయన ఎరుపు లైటు చూసి, "ఇది నా శిష్యులకంటే దుర్మార్గంగా ఉందే" అని ఒప్పేసుకున్నాడు. పోలీసు ఉద్యోగం రాకపోయినా ఆ సరదా నాకు తీరింది. దొంగల్ని పట్టే సరదా మనిషిని ఎంత తొందరగా పాడుచేస్తుందో ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు జీపు దిగుతూనే ఇవాళ ఎవరు దొరుకుతారా అని చూసేదాన్ని.

అలా దొరికినవాళ్ళలో ఒకతను బెల్లం వండే రైతు. అనకాపల్లి నుంచి చోడవరం రోడ్డులో కొంచెం లోపలికి వెళ్తే అతని ఊరు. నలభై దాటి రెండుమూడేళ్ళు ఉంటాయి. ఆ ఎండాకాలంలో గుండెపోటుతో మా దగ్గరికి వచ్చాడు, బతికాడు. పదిహేనో ఏట నుంచి రోజుకు ఎన్ని చుట్టలో అతనికే లెక్క తెలియదు. డిశ్చార్జి రోజున డాక్టరుగారు చుట్ట మానకపోతే ఈసారి మోసుకొచ్చినా లాభం లేదన్నారు. అతని భార్య మంచం పక్కన నిలబడి ఉంది. ఆరేళ్ళ కూతురు ఆమె కొంగు పట్టుకొని ఉంది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. అతను పిల్లని దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి వేసి, ఇక ముట్టనని ఒట్టు వేశాడు. భార్య ముఖం పాలిపోయింది. ఆ ఒట్టు తప్పితే ఎవరికి తగులుతుందో ఆమెకు తెలుసు.

మాది క్రైస్తవ కుటుంబం. ఒట్లు పెట్టుకోవడం మా ఇంట్లో పెద్ద తప్పు. చిన్నప్పుడు గోలీల ఆటలో అమ్మతోడు అన్నందుకు మా నాన్న నన్ను ఒక పూట అన్నం లేకుండా కూర్చోబెట్టాడు. అందుకని ఆ ఒట్టు చూసి నాకు కొంచెం చిరాకే వేసింది. అయినా కార్డు మీద రాశాను. దాని కిందనే ఇంకో మాట కూడా రాశాను. బరువులు ఎత్తకూడదు, బెల్లం పెనాలు దింపకూడదు, కూర్చొని చేసే పని చూసుకోవాలి అని. ఈ రెండో మాట గుర్తుంచుకోండి.

వర్షాకాలమంతా అతను బాగానే ఉన్నాడు. మిషను వచ్చాక ఆసుపత్రికి వచ్చి ఊదితే పచ్చ. ఇంకోసారి ఊదితే ఇంకా పచ్చ. మా కార్యక్రమానికి ఇలాంటి మనిషే కావాలని డాక్టరుగారు అందరికీ చూపించుకున్నారు.

తరవాత చెరకు కోతలు మొదలయ్యాయి. బెల్లం వండే రోజుల్లో రైతులు ఆసుపత్రికి రారు, మనమే వెళ్ళాలి. పాక కింద పెద్ద పెనంలో రసం మరుగుతుంటుంది. కింద పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి ఎగదోస్తూ ఉండాలి. ఆ వాసన నాకు ఇప్పటికీ ప్రాణం. పాకం ముదిరే సమయానికి ఆకు ముక్క మీద కాస్త వేసిచ్చేవారు. ఊదుకుంటూ తింటే నాలుక కాలేది, అయినా మానేవాళ్ళం కాదు. సుగరు జబ్బు గురించి ఊరంతా ఉపన్యాసాలిచ్చే నేను అక్కడ రెండోసారి కూడా అడిగి తినేదాన్ని.

అతను పొయ్యి నోటి దగ్గర కూర్చొని పిప్పి తోస్తున్నాడు. పిలిచి ఊదమన్నాను. ఎరుపు. ఆ రోజుకి రాసుకొని వచ్చేశాను. రెండు వారాలకు మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ ఎరుపే. ఈసారి అతని భార్య మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకొని అక్కడే ఉంది. పిల్ల కూడా ఉంది. పాకలో పనిచేసే నలుగురైదుగురు ఉన్నారు. నేను నోరు మూసుకొని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పిల్ల తల మీద ఒట్టేసి మరీ తాగుతున్నావా, నీకు సిగ్గనిపించలేదా అన్నాను. తాగలేదన్నాడు. మిషను అబద్ధం చెబుతోందా అన్నాను. అతను ఆ ఎరుపు లైటు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నాకు తెల్దు సిస్టరమ్మా. నేను మాత్రం తాగనేదు" అన్నాడు.

భార్య క్యారేజీ అక్కడే నేల మీద పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయింది. నాకు మనసులో ఏమనిపించిందో దాచకుండా చెబుతాను, తిక్క కుదిరింది అనిపించింది.

ఆ సీజనులో బెల్లం పొయ్యిల దగ్గర పనిచేసేవాళ్ళు చాలామంది అలాగే ఎరుపులో దొరికారు. అంతకు ముందు పచ్చలో ఉన్నవాళ్ళే. నేనూ డాక్టరుగారూ కూర్చొని ఒక సిద్ధాంతం తయారుచేశాం. సీజనులో నిద్ర ఉండదు, పని ఒత్తిడి, పక్కవాడు వెలిగిస్తే చెయ్యి ఆగదు, కాబట్టి మానేసినవాళ్ళు ఈ నెలల్లోనే మళ్ళీ మొదలుపెడతారు అని. చెప్పుకోవడానికి ఎంత బాగుందో! డాక్టరుగారు విశాఖపట్నంలో ఒక సమావేశంలో చార్టులు పెట్టి చెబితే చప్పట్లు కొట్టారు. నేను చివరి వరసలో కొత్త చీర కట్టుకొని కూర్చున్నాను. ఆ ఎర్ర గీతలో ఆ రైతు కూడా ఉన్నాడని గుర్తొచ్చింది గానీ, జాలి వెయ్యలేదు.

ఆ తరవాత తెలిసింది, నేను ఆ మాటన్న వారానికే పిల్లకు జ్వరం పట్టుకుందని, టైఫాయిడ్ అన్నారని. తల్లి పిల్లని తీసుకొని రోలుగుంటలో పుట్టింటికి వెళ్ళిపోయింది. అతను రెండుసార్లు వెళ్తే గుమ్మంలోంచే పంపేశారట. పిల్లని చూడనివ్వలేదట. ఒట్టు తప్పిన చేత్తో పిల్లని ముట్టుకోవద్దు అందట ఆమె. ఇదంతా మా జీపు డ్రైవరు చెప్పాడు. చెప్పి, "పాపం సిస్టర్‌గారూ" అన్నాడు. పాపమేమిటి, చేసుకున్నదే కదా అన్నాను.

ఈ డ్రైవరు గురించి చెప్పాలి. సబ్బవరం మనిషి. మా చర్చి కాకపోయినా మా విశ్వాసమే. ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేవాడు. కాఫీ కూడా తాగడు. అలాంటివాడు.

సీజను చివర్లో ఒకరోజు ఉదయం అదే ఊరికి వెళ్ళాం. బెల్లం పాక దగ్గరే జీపు ఫ్యాన్ బెల్టు తెగింది. పాకలో ఒకతను సైకిలు మీద అనకాపల్లి వెళ్ళి కొత్తది తేవాలి. ఇక చేసేదేముంది, మధ్యాహ్నం దాకా అక్కడే. డ్రైవరు ఊరికే కూర్చోలేక పొయ్యి దగ్గర చేరి, ఆ రైతుతో మాటలు కలిపి, తనూ పిప్పి తోయడం మొదలుపెట్టాడు. నేను పాక కింద పీట వేసుకొని కార్డులు సర్దుకుంటున్నాను. గాలి తిరిగినప్పుడల్లా పొగ నా మీదికే వచ్చేది. కళ్ళు తుడుచుకుంటూ, పాకం తింటూ కూర్చున్నాను.

రైతు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అది నాకు కాలింది. తప్పు చేసినవాడికి ఈ బిగువేమిటి అనుకున్నాను. అందరికీ బుద్ధి చెబుదామని మిషను తీశాను. తాగని మనిషి ఊదితే ఎలా ఉంటుందో చూడండి అని, డ్రైవర్ని పిలిచి గొట్టం చేతికిచ్చాను. అతను నవ్వుతూ ఊపిరి బిగపట్టి ఊదాడు.

ఎరుపు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పటి నుంచయ్యా ఈ వ్యవహారం, పిల్లలకు పాటలు నేర్పే నోరేనా ఇది అని అతన్ని కడిగేశాను. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సిస్టర్‌గారూ, నన్ను పన్నెండేళ్ళుగా చూత్తన్నారు కదా" అన్నాడు.

పన్నెండేళ్ళు. ఆ మనిషి పక్కన కూర్చొని కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాను. అతని దగ్గర ఒక్కనాడు పొగాకు వాసన రాలేదు. వాసన పట్టడంలో నా ముక్కును మించింది లేదని నేనే చెప్పుకునేదాన్ని. మిషను వచ్చాక నా ముక్కుని నేనే నమ్మడం మానేశాను. గొట్టం మార్చి నేనే ఊదాను.

పసుపు లైటు వెలిగింది.

జీవితంలో చుట్ట ముట్టని దాన్ని. మళ్ళీ ఊదాను. మళ్ళీ పసుపే. పాకలో ఒకతను, "ఓరి బావా, సిస్టరమ్మ కూడా తాగుతాదిరా" అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. రైతు నవ్వలేదు. నేను పొయ్యి వైపు చూశాను. ఒక్క పూట, అంత దూరంలో కూర్చుంటే నాకు పసుపు. పొయ్యి నోటి దగ్గర కూర్చుంటే డ్రైవరుకి ఎరుపు. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా దాని ముందే కూర్చొనే మనిషికి ఎరుపు రాక ఏమొస్తుంది? పిప్పి పొగలోనూ ఆ విషవాయువే ఉంటుందని నర్సింగు మొదటి సంవత్సరంలోనే చదివాను. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. ఆ రైతు జబ్బు పడకముందు పొయ్యి దగ్గర కూర్చొనేవాడు కాదు. పాకం చూసి పెనం దింపే మనిషి. బరువులు వద్దు, కూర్చొని చేసే పని చూసుకో అని రాసింది నేనే. నా రాత ప్రకారం వెళ్ళి పొగలో కూర్చున్నాడు. గుండె జబ్బు మనిషిని ఆ విషం దగ్గర కూర్చోబెట్టి, ఊపిరి కొలిచి, దొంగ అన్నాను.

ముందు డ్రైవరు దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. తరవాత రైతు దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదేనని అందరూ వినేలాగే చెప్పాను. అతను పిప్పి తోస్తున్న కర్ర ఆపలేదు.

"నాకు సెప్పడం ఏటికి సిస్టరమ్మా? నేను తాగనేదని నాకు తెల్సు గదా. పిల్ల తల్లికి సెప్పు" అన్నాడు.

సాయంత్రం డాక్టరుగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. చప్పట్లు కొట్టించుకున్న సిద్ధాంతం కదా. చివరికి, "సీజను కొలతలన్నీ కొట్టేయండి సిస్టర్. మనం ఎంతమందిని అబద్ధికుల్ని చేశామో" అన్నారు. తరవాత ఆయనే ఆ సమావేశం వాళ్ళకు మేం చెప్పింది తప్పు అని ఉత్తరం రాశారు. అలా రాసిన డాక్టర్ని నా సర్వీసులో ఆయన ఒక్కర్నే చూశాను.

రెండో రోజున రోలుగుంట వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చొని చేటలో మినుములు చెరుగుతోంది. పిల్ల జ్వరం తగ్గి, చిక్కిపోయి, గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఆమె తల్లిదండ్రులు, ఇరుగుపొరుగు అంతా చేరారు. నేను పొయ్యి సంగతి, డ్రైవరు సంగతి, నేను ఊదితే పసుపు వచ్చిన సంగతి అన్నీ చెప్పాను. ఆమె చేట ఆపి విన్నది.

"మిషన్ అబద్దం సెప్పదని ఆవేళ అందరి ముందరా అన్నావు. మరి ఇప్పుడు సెప్పిందంటావా?" అంది.

"అది అబద్ధం చెప్పలేదమ్మా. పొగ ఉంది అని చెప్పింది. చుట్ట అన్నది నేను" అన్నాను.

ఆమె పిల్ల వైపు చూసింది. లేచి, పిల్లని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టింది.

"అయితే దీని తల మీద సెయ్యేసి సెప్పు. దీని బాబు తాగనేదని సెప్పు. నువ్వు సెప్తే ఎల్తాను."

ఒట్టు మా నాన్న ఒప్పుకోని పని. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. అతను తాగలేదని నాకు తెలుసా? పొయ్యి వల్ల కూడా ఎరుపు వస్తుందని తెలుసు. అంతే తెలుసు. పొయ్యి పొగ చాటున ఒక చుట్ట కాల్చి ఉంటే ఏ మిషనూ చెప్పలేదు. డాక్టరుగారు నా స్థానంలో ఉంటే, చెప్పలేం అనేవారు, అది సరైన మాట. కానీ ఆ మాట ఇక్కడ చెబితే ఆమె మళ్ళీ చేట పట్టుకుంటుంది. నాకు అతని ముఖం గుర్తొచ్చింది, ఎరుపు లైటు చూసి కూడా తాగనేదు అన్న ముఖం. నేను నమ్మాను. ఆవేళ నమ్మాల్సింది, ఆలస్యంగా నమ్మాను.

పిల్ల తల మీద చెయ్యి వేశాను. జ్వరంలో జుట్టు తీయించేశారు, గరుకుగా తగిలింది. "మీ నాన్న తాగలేదు" అన్నాను. వాకిట్లో అందరికీ వినబడాలని ఇంకోసారి అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నన్ను కూర్చోమని, తాగడానికి మజ్జిగ ఇచ్చింది. నాలుగో రోజున పిల్లని తీసుకొని బస్సెక్కి ఇంటికి వెళ్ళిందని తెలిసింది. అతన్ని పొయ్యి దగ్గర నుంచి లేపించి, గాలి వచ్చే వైపు బెల్లం దిమ్మలకు గుడ్డలు పరిచే పనిలో పెట్టమని ఈసారి కార్డు మీద కాదు, స్వయంగా వెళ్ళి పాకలో వాళ్ళకు చెప్పి వచ్చాను.

నేను మాత్రం చాలా రోజులు సరిగా నిద్రపోలేదు. ఒట్టు వేసిన సంగతి ఇంట్లో చెప్పలేదు, ఫాదరుగారికీ చెప్పలేదు. ఆ పిల్లకు జలుబు చేసిందని తెలిసినా గుండె దడదడలాడేది. ఇన్నేళ్ళు ఆ నమ్మకాలను వెక్కిరించినదాన్ని, సాయంత్రమైతే ఆ ఊరి వైపు నుంచి వచ్చే రోగుల్ని పిల్ల ఎలా ఉంది అని అడిగేదాన్ని.

వానలు పడ్డాయి. పొయ్యిలు ఆరిపోయి చాలా రోజులైంది. ఒకరోజు ఓ.పీ. వరసలో అతను నిలబడి ఉన్నాడు. అపాయింట్‌మెంటు లేదు, ఒంట్లో బాగా లేకనా అంటే కాదన్నాడు.

"మిషన్ అట్రా సిస్టరమ్మా. ఇప్పుడు పొయ్యి నేదు గదా" అన్నాడు.

ఎందుకయ్యా అన్నాను.

"నా పిల్ల తల మీద సెయ్యేసేవంట. నువ్వు ఎయ్యకూడదంట గదా, మీవోళ్ళు. డ్రైవరు సెప్పేడు. నీ ఒట్టు నిలబెట్టాల గదా నేను."

ఊదాడు. పచ్చ. నేను మిషను కింద పెట్టి, అందరి ముందూ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాను.

ప్రతి ఏడూ వానలు పడ్డాక ఒకసారి వచ్చేవాడు. మేము మిగతా బెల్లం వాళ్ళందర్నీ కూడా వానాకాలంలో మళ్ళీ కొలిచాం. కొందరు నిజంగానే తాగుతున్నవాళ్ళు దొరికారు, చాలామంది పచ్చలోనే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరు నవ్వారు, ఒకాయన తలుపు వేసేశాడు. ఆ తరవాత కొన్నేళ్ళకు కార్యక్రమం ముగిసింది, మిషను తెచ్చిన చోటికి తిరిగి పంపేశారు.

ఆ ఏడు కూడా అతను వచ్చాడు, పక్కన గొడుగు పట్టుకొని కూతురు, తండ్రి భుజం దాకా ఎదిగింది. మిషను లేదయ్యా, పంపేశాం అన్నాను. అతను కాస్త నిరాశపడ్డాడు. తరవాత ముందుకు వంగి, "అయితే నువ్వే సూడు" అని నా ముఖం మీదికి నెమ్మదిగా ఊదాడు. పచ్చి ఉల్లిపాయ వాసన, అంబలి వాసన. ఇంకేమీ లేదు. రాసుకోవడానికి కార్డు కూడా లేదు కాబట్టి, ఆ పిల్ల తల మీద ఒకసారి చెయ్యి వేసి, ఇంటికి పొమ్మన్నాను.